గాలికి నాడి చూసే చోట్లు

మూడు రోజుల సెలవు కలిసొస్తే ఈ దేశంలో మన తెలుగు కుటుంబాలు ఎక్కడికి బయల్దేరతాయో చెప్పడానికి పంచాంగం అక్కర్లేదు. తూర్పు తీరం వాళ్ళయితే నయాగరా, కాదంటే పిట్స్‌బర్గ్ వెంకటేశ్వరస్వామి గుడి, పిల్లలు మారాం చేస్తే డిస్నీ వరల్డ్. మేమూ ఆ మూడూ చూసినవాళ్ళమే. పోయిన అక్టోబరులో మాత్రం, కొలంబస్ డే సెలవుకి, మా మామయ్యగారి పుణ్యమా అని వేరే రకం యాత్ర ఒకటి చేశాం. ఒక కొండమీద పాదరసం గొట్టం, ఒక యూనివర్సిటీ మేడ, సముద్రపు ఒడ్డున ఒక ఖాళీ స్థలం, ఇవీ మేము చూసొచ్చిన విశేషాలు. చెప్పుకోదగ్గ ఫోటోలేమీ రాలేదు. అయినా మన సభ్యులకి ఈ చలికాలంలో పనికొచ్చే సంగతులు కొన్ని తెలిశాయి కనుక ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాం.

మామయ్యగారు ఉద్యోగంలో చేరిన కొత్తలో పొదిలి తాలూకా కచేరీలో పనిచేశారు. కచేరీ ఆవరణలో ఉన్న వర్షమాపకాన్ని రోజూ పొద్దున ఎనిమిదిన్నరకి చూసి రిజిస్టరులో రాయడం ఆయన వంతు. "వాన పడ్డ రోజు ఎవడైనా రాస్తాడు. పడని రోజు సున్నా వెయ్యాలి చూడు, అదీ ఉద్యోగమంటే" అంటారు ఇప్పటికీ. పొదిలి మెట్ట ప్రాంతం కాబట్టి ఆయన వేసిన అంకెల్లో సున్నాలే ఎక్కువ.

సెప్టెంబరులో మా దగ్గరికి వచ్చారు. వచ్చిన దగ్గర్నుంచీ టీవీలో వాతావరణం తప్ప ఇంకేమీ చూడరు. ఒక సాయంత్రం అందులో ఎవరో, రాబోయే చలికాలం ఎలా ఉంటుందన్నది ఆర్కిటిక్ ఆసిలేషన్ పాజిటివ్‌గా ఉంటుందా నెగటివ్‌గా ఉంటుందా అన్నదాని మీద ఆధారపడుతుందని చెప్పారు. మామయ్యగారు టీవీ సౌండు తగ్గించి, "అమ్మాయ్, వానని డబ్బాతో కొలిచాం. జ్వరాన్ని నువ్వు థర్మామీటరుతో కొలుస్తావు. ఈ ఆసిలేషన్‌ని ఎవరు కొలుస్తారు, ఎక్కడ కొలుస్తారు, దేంతో కొలుస్తారు?" అని అడిగారు.

అడిగింది చిన్న ప్రశ్నే. జవాబు కోసం మూడు రోజులు తిరిగాం.

బయల్దేరేముందు మా వారు కాస్త చదివి పెట్టిన సంగతి ముందు చెబుతాం. మనముండే ఈ మధ్య అక్షాంశాల్లో పైగాలి మొత్తం మీద పడమర నుంచి తూర్పుకి వీస్తుంది. బోస్టన్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్ళేటప్పటికన్నా తిరిగొచ్చేటప్పుడు విమానం త్వరగా దిగుతుందని మనందరికీ అనుభవమే. ఎదురుగాలి కాస్తా వెనకగాలి అవుతుంది మరి. ఈ పడమటిగాలి ధ్రువం చుట్టూ ఒక కంచెలా తిరుగుతూ ఉంటుంది. కంచె బిగువుగా ఉన్నన్నాళ్ళూ ఉత్తరాన ఉన్న చలి దొడ్లో పశువులా అక్కడే ఉంటుంది. కంచె సడలితే గాలి తిన్నగా పోవడం మానేసి, పల్లానికి దిగిన ఏరులా వంకర్లు తిరుగుతుంది. ఆ వంకర కిందికి దిగిన చోటల్లా చలి మన గుమ్మంలోకి వస్తుంది. కంచె ఎంత బిగువుగా ఉందో ఒక అంకెలో చెప్పగలమా అన్నదే అసలు ప్రశ్న.

మొదటి రోజు బ్లూ హిల్‌కి వెళ్ళాం. బోస్టన్‌కి దక్షిణంగా పదిమైళ్ళ దూరంలో మిల్టన్ అనే ఊళ్ళో ఉంది ఆ కొండ. ఎత్తు 635 అడుగులే. మన తిరుమల మెట్లెక్కినవాళ్ళకి అదొక లెక్క కాదు. కానీ ఈ రాష్ట్రానికి పేరొచ్చింది దాని వల్లే. పెద్ద కొండ దగ్గర ఉండేవాళ్ళని ఇక్కడి మూలవాసుల తెగకి మాసచుసెట్ అని పేరు. ఆ పెద్ద కొండ ఇదే. 138వ నంబరు రోడ్డు పక్కన కారు పెట్టి, తారురోడ్డున సుమారు ఒక మైలు నడిచి ఎక్కాం. మేపుల్ ఆకులు ఎర్రబడి ఉన్నాయి. మామయ్యగారు స్వెట్టరు మీద శాలువా, శాలువా మీద మా వారి కోటు వేసుకుని అందరికన్నా ముందు నడిచారు.

కొండమీది అబ్జర్వేటరీని 1885లో ఆబట్ లారెన్స్ రోచ్ అనే ఆయన సొంత డబ్బుతో ప్రారంభించాడు. అప్పుడాయన వయసు ఇరవై నాలుగేళ్ళు. ఆ ఏడాది ఫిబ్రవరి 1న మొదలెట్టిన కొలతలు ఇవాళ్టికీ ఆగలేదు. అదే కొండ, అదే శిఖరం. ఉత్తర అమెరికాలో ఒకేచోట ఇంతకాలం తెగకుండా సాగిన వాతావరణ రికార్డు ఇంకొకటి లేదంటారు. పైకి వెళ్ళాక గాజుగోళం ఒకటి చూపించారు. ఎండ ఆ గోళంలోంచి పోయి, వెనకనున్న అట్టముక్కని సన్నగా కాలుస్తుంది. మబ్బు పట్టినంతసేపూ అట్ట కాలదు. సాయంత్రం ఆ కాలిన గీతని కొలిస్తే ఆ రోజు ఎన్ని గంటలు ఎండ కాసిందో తెలుస్తుంది. కరెంటు లేదు, కీ ఇవ్వడం లేదు. మా తొమ్మిదేళ్ళ వాడు దాని దగ్గర్నుంచి కదల్లేదు.

మామయ్యగారు మాత్రం పాదరసం బారోమీటరు ముందు నిలబడిపోయారు. చూపిస్తున్న పెద్దాయన ఆయన శ్రద్ధ గమనించి, పాదరసం పైమట్టం ఎలా చదవాలో దగ్గరుండి చూపించాడు. ఒకరి ఇంగ్లీషు ఒకరికి సగం సగమే అర్థమైనా ఇద్దరికీ మధ్య మాట ఆగలేదు. పాత రిజిస్టర్ల మాట వచ్చినప్పుడు మామయ్యగారు, "సున్నాలు వేశారా?" అని అడగమన్నారు. అడిగాం. "సున్నా వెయ్యకపోతే ఇంకేం రికార్డు?" అన్నాడాయన. అది తెలుగులోకి తిప్పి చెప్పగానే మామయ్యగారు ఆయన చెయ్యి పట్టుకుని ఊపేశారు.

ఈ కొండమీద చేసిన ఇంకో పని మన కథకి ముఖ్యం. నేలమీద కొలిస్తే చాలదు, పైన ఏముందో తెలియాలని 1894 ఆగస్టు 4న ఇక్కడ గాలిపటాలకి ఉష్ణోగ్రత తనంతట తానే గీసుకునే పరికరం కట్టి పైకి పంపారు. తర్వాత దారం బదులు పియానో తీగ వాడారు. 1900 నాటికి గాలిపటాలు పదిహేను వేల అడుగులు దాటాయి. 1930ల్లో బెలూనుకి చిన్న రేడియో కట్టి, పైనుంచే కొలతలు కిందికి చెప్పించే ప్రయోగాలు కూడా ఇక్కడ జరిగాయి. 1938 సెప్టెంబరు 21 తుపానులో గంటకి 186 మైళ్ళ గాలి విసురు ఈ కొండమీదే నమోదైంది. దివిసీమ ఉప్పెన సంగతి ఎరిగున్న మామయ్యగారు ఆ అంకె విని కాసేపు మాట్లాడలేదు.

ఇంతకీ ఆసిలేషన్ ఎక్కడ? ఇలాంటి రెండు బారోమీటర్ల మధ్య ఉంది. ఒకటి ఐస్‌లాండ్‌లో పెట్టండి, ఇంకొకటి పోర్చుగల్‌లో లిస్బన్‌లో పెట్టండి. చలికాలంలో మామూలుగా ఐస్‌లాండ్ దగ్గర పీడనం తక్కువ, లిస్బన్, అజోర్స్ దీవుల వైపు ఎక్కువ. ఒకవైపు ఇంకా తగ్గినప్పుడు రెండోవైపు ఇంకా పెరుగుతుంది. అటు పెరిగితే ఇటు తగ్గుతుంది. మన పొలాల్లో ఏతం ఉండేది కదా, ఆ దూలంలాగే ఒక కొస లేస్తే రెండో కొస దిగుతుంది. రెంటి మధ్య తేడా ఎక్కువైతే వాటి నడుమ వీచే పడమటిగాలి జోరందుకుంటుంది. తేడా తగ్గితే మందగిస్తుంది. ఊరికే ఒకదాన్నుంచి ఒకటి తీసివేస్తే సరిపోదు. ప్రతి ఊళ్ళోనూ ఈనాటి పీడనం ఆ ఊరి మామూలుకి ఎంత దూరంలో ఉందో ముందు చూడాలి. పిల్లవాడి బరువు చూసి వెంటనే మంచీ చెడూ చెప్పం, ఆ వయసుకి ఉండాల్సిన చార్టుతో పోల్చి చెబుతాం. ఇదీ అంతే. కొలరాడోలో బౌల్డర్‌లోని జాతీయ వాతావరణ పరిశోధన కేంద్రంలో పనిచేసిన జేమ్స్ హరెల్ 1995లో లిస్బన్, ఐస్‌లాండ్‌లోని స్టిక్కిషోల్ముర్ కొలతలతో 1864 నుంచీ ప్రతి చలికాలానికీ ఒక అంకె కట్టి చూపించాడు. 1864 నుంచి కట్టగలిగాడంటే, ఆ రెండు ఊళ్ళలోనూ ఎవరో ఒకరు అన్నేళ్ళూ సున్నాలు మానకుండా రాశారన్నమాట.

ఈ ఏతానికి పేరు పెట్టింది ఎవరో తెలిశాక మాకే ఆశ్చర్యం వేసింది. అది జరిగింది ఐరోపాలోనూ కాదు, అమెరికాలోనూ కాదు, మన సిమ్లా ఆఫీసులో. పెద్దవాళ్ళు ధాత కరువని చెప్పుకునే 1876–78 కరువు, ఆ తర్వాత 1899లో మళ్ళీ వానలు తప్పడం, ఇవి చూశాక వానల్ని ముందే చెప్పగలమా అన్నది ప్రభుత్వానికి ప్రాణసంకటమైంది. 1904లో గిల్బర్ట్ వాకర్ అనే కేంబ్రిడ్జి గణితశాస్త్రవేత్త భారత వాతావరణశాఖకి అధిపతిగా వచ్చాడు. ఆయనకి అప్పటిదాకా వాతావరణంతో పెద్దగా పరిచయం లేదు. లెక్కలు మాత్రం వచ్చు. ప్రపంచంలో ఎక్కడెక్కడి పీడనం, వాన, ఉష్ణోగ్రత అంకెలన్నీ తెప్పించి, ఏది పెరిగితే ఏది తగ్గుతోందో భారతీయ గుమాస్తాల చేత ఏళ్ళ తరబడి లెక్క కట్టించాడు. కంప్యూటర్లు లేని రోజులవి. ఆ లెక్కల్లోంచి మూడు ఏతాలు బయటపడ్డాయి. ఒకటి దక్షిణ పసిఫిక్, హిందూ మహాసముద్రాల మధ్యది. ఎల్ నీనో మాట వచ్చినప్పుడల్లా వినే సదరన్ ఆసిలేషన్ అదే. రెండోది ఉత్తర పసిఫిక్‌ది. మూడోది ఉత్తర అట్లాంటిక్‌ది. 1924లో ఆయన పదవి వదిలి వెళ్ళేనాటికి ఈ మూడింటికీ పేర్లు స్థిరపడ్డాయి. మన మెట్ట పొలాల్లో వాన ఎందుకు తప్పుతోందని వెతికినవాడికి బోస్టన్ చలి తాళంచెవి దొరికిందన్నమాట. కారులో ఈ సంగతి చెప్పగానే మామయ్యగారు, "ఆ అంకెల్లో ఎక్కడో మన నెల్లూరు జిల్లా వాన కూడా ఉండే ఉంటుంది" అని పొదిలి నెల్లూరు జిల్లాలో ఉన్న రోజుల్లోకి వెళ్ళిపోయారు.

రెండో రోజు కేంబ్రిడ్జి. ఎంఐటీ ఆవరణలో గ్రీన్ బిల్డింగ్ అనే ఇరవయ్యొక్క అంతస్తుల మేడ ఉంది. ఐ. ఎం. పే దానికి నమూనా గీశారు. 1964లో పూర్తయింది. వాతావరణశాస్త్రం వాళ్ళ మేడ అది. నెత్తిమీద తెల్లటి రాడారు బుడగ ఉంటుంది. తమాషా ఏమిటంటే, మేడ కింద తెరిచి ఉంచిన దారిలోంచి చార్లెస్ నది గాలి ఎంత జోరుగా దూరేదంటే, కట్టిన కొత్తలో గాలి రోజుల్లో తలుపులు తెరవడమే కష్టమయ్యేదట. తర్వాత తిరుగుడు తలుపులు పెట్టారు. గాలి శాస్త్రం చదువుకునే చోట గాలే గుమ్మానికి అడ్డం పడింది. మా పిల్లలు ఆ దారిలో చేతులు చాచి నిలబడి చాలాసేపు ఆడుకున్నారు. మేము వెళ్ళింది సెలవు రోజు కాబట్టి బయటినుంచే చూశాం.

ఈ మేడ కట్టకముందే, 1928లో కార్ల్ గుస్తాఫ్ రాస్‌బీ అనే స్వీడన్ దేశస్థుడు ఎంఐటీకి వచ్చి వాతావరణశాస్త్రం చదువు ప్రారంభించాడు. 1939లో ఆయనా, ఆయన తోటివారూ చెప్పిన ఉపాయం చాలా సులువైనది. భూగోళం మీద 35వ ఉత్తర అక్షాంశం వెంబడి సగటు పీడనం ఎంత, 55వ అక్షాంశం వెంబడి ఎంత అని లెక్కకట్టి, మొదటిదాంట్లోంచి రెండోది తీసివెయ్యమన్నారు. వచ్చిన అంకె ఎక్కువైతే పడమటిగాలి బలంగా ఉన్నట్టు, తక్కువైతే కంచె సడలినట్టు. వాకర్ రెండు ఊళ్ళ మధ్య చూసిన ఏతాన్ని ఈయన రెండు వలయాల మధ్య చూశాడు.

రాస్‌బీ శిష్యుల్లో జెరోమ్ నమియాస్ గురించి డాక్టర్లుగా మేము చెప్పకుండా ఉండలేం. ఫాల్ రివర్ ఊళ్ళో పెరిగిన కుర్రాడు. కాలేజీకి వెళ్ళే వయసులో క్షయ పట్టింది. స్ట్రెప్టోమైసిన్ ఇంకా రాని రోజులవి, విశ్రాంతే మందు. ఏళ్ళ తరబడి ఇంట్లో మంచం పట్టి ఉండి, పోస్టు ద్వారా పాఠాలు తెప్పించుకుని చదివాడు. తర్వాత బ్లూ హిల్‌లోనూ, ఎంఐటీలోనూ పనిచేసి, 1941 నుంచి వాషింగ్టన్‌లో ప్రభుత్వ వాతావరణశాఖలో దీర్ఘకాలిక సూచనల విభాగాన్ని నడిపాడు. పడమటిగాలి కొన్ని వారాలు బిగిసి, కొన్ని వారాలు సడలి, మళ్ళీ బిగిసే తీరుని 1950లో వివరంగా రాశాడు. జ్వరం చార్టులో వేడి ఎక్కడం, దిగడం చూసీ చూసీ అలవాటైన కళ్ళకి ఆ ఆలోచన తట్టిందేమోనని మా వూహ.

ఇక్కడే మనవాళ్ళు గర్వపడాల్సిన మాట ఒకటుంది. రాస్‌బీ తర్వాత షికాగో వెళ్ళాడు. స్వదేశం తిరిగి వెళ్ళాక 1949లో టెల్లస్ అనే పత్రిక స్థాపించాడు. మన తెలుగువారు పంచేటి కోటేశ్వరంగారు కూడా షికాగో యూనివర్సిటీలో పరిశోధన చేశారు. వానాకాలంలో మన దక్షిణ దేశం మీద చాలా ఎత్తులో తూర్పు నుంచి పడమరకి ఉరికే గాలి ప్రవాహాన్ని గుర్తించింది ఆయనే. దాని మీద ఆయన వ్యాసం 1958లో వచ్చింది ఆ టెల్లస్ పత్రికలోనే. తర్వాత ఆయన భారత వాతావరణశాఖకి డైరెక్టర్ జనరల్ అయ్యారు. ఇక్కడి చలికాలపు పడమటిగాలి, అక్కడి వానాకాలపు తూర్పుగాలి, రెండూ ఒకే బడిలో చదువుకున్నాయన్నమాట.

సరే, టీవీలో చెప్పే ఆర్కిటిక్ ఆసిలేషన్ సంగతి. 1998లో సియాటిల్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీకి చెందిన డేవిడ్ థాంప్సన్, జాన్ వాలెస్ దాన్ని ఆ పేరుతో ప్రపంచం ముందు పెట్టారు. రెండు ఊళ్ళతోనో రెండు అక్షాంశాలతోనో ఆగకుండా, 20వ ఉత్తర అక్షాంశం నుంచి ధ్రువం దాకా ఉన్న మొత్తం పీడనపటాన్ని తీసుకున్నారు. ఆ పటంలో ఎక్కువసార్లు, ఎక్కువ మేర కలిసికట్టుగా జరిగే మార్పు ఏదో గణితంతో పట్టుకున్నారు. ధ్రువం మీద పీడనం తగ్గితే దానిచుట్టూ ఉన్న మధ్య అక్షాంశాల్లో పెరగడం, ధ్రువం మీద పెరిగితే అక్కడ తగ్గడం, అదే ఆ మార్పు. ఇవాళ ప్రభుత్వ వాతావరణ సూచనల కేంద్రం వాళ్ళు రోజూ ఆనాటి పటం ఈ నమూనాకి ఎంతవరకు సరిపోలిందో ఒక అంకెగా ప్రకటిస్తారు. మామయ్యగారికి మేము ఈసీజీతో చెప్పాం. ఒంటిమీద పన్నెండు కోణాల్లోంచి గుండె విద్యుత్తుని చూస్తాం, చివరికి గుండె అక్షం ఫలానా వైపు ఉందని ఒక్క మాటలో రాస్తాం. ఆ ఒక్క మాట వెనక పన్నెండు గీతలూ ఉంటాయి. ఇక్కడ అర్ధగోళమంతా పరిచిన గీతలుంటాయి.

ఆయన అంతా విని, "అయితే ఆ అంకె చూస్తే మీ ఇంటిముందు మంచు ఎంత పడుతుందో తెలుస్తుందా?" అన్నారు. వ్యాసమంతటికీ కీలకం ఆ ప్రశ్నే కనుక కాస్త నెమ్మదిగా చెబుతాం.

2010 ఫిబ్రవరిలో ఈ అంకె సున్నాకి నాలుగు పాయింట్లు కిందికి పోయింది. 1950 నుంచి ఉన్న లెక్కల్లో ఏ నెల సగటూ అంత కిందికి దిగలేదు. ఆ చలికాలం వాషింగ్టన్ నగరంలో 56.1 అంగుళాల మంచు పడి, 1899 నాటి రికార్డు చెరిగిపోయింది. అంకె సరిగ్గా చెప్పిందనుకుంటాం. కానీ ఆ ఫిబ్రవరి మొదట్లో వాషింగ్టన్‌ని పూడ్చేసిన తుపాను బోస్టన్ దాకా రానేలేదు. 2015 ఫిబ్రవరి చూడండి. బోస్టన్‌లో ఆ ఒక్క నెలలో 64.8 అంగుళాలు, ఆ సీజను మొత్తానికి 110.6 అంగుళాలు. అంతకుముందు ఎన్నడూ ఎరగని మంచు. మరి అప్పుడు ఆర్కిటిక్ ఆసిలేషన్? సున్నాకి పైనే, పాజిటివ్‌లో ఉంది! ఆ చలికాలం పడమటి తీరం మీద గాలి ఉత్తరానికి ఎగబాకి, మన వైపు కిందికి దిగింది. దాన్ని పట్టుకోవాలంటే పసిఫిక్ నుంచి ఉత్తర అమెరికా దాకా చూసే వేరే కొలత కావాలి. వాలెస్, గట్జ్‌లర్ అనే ఇద్దరు 1981లో దాన్నీ నిర్వచించారు.

అంటే ఈ అంకె నాడి లాంటిది. నాడి 120 కొడుతోందంటే ఒంట్లో ఏదో జరుగుతోందని తెలుస్తుంది. జ్వరమా, రక్తం పోయిందా, భయమా, మెట్లెక్కి వచ్చాడా అన్నది నాడి ఒక్కటే చెప్పదు. అలాగని నాడి చూడని డాక్టరుని ఎవరూ నమ్మరు. మేము విశాఖపట్నంలో ఆంధ్రా మెడికల్ కాలేజీలో చదివేటప్పుడు రేవులో ఎగరేసే ప్రమాద సూచిక నంబరు వార్తల్లో వినేవాళ్ళం. పదో నంబరంటే ఇంకేం ఆలోచించకుండా తలుపులు బిగించుకోవాలి. ఈ అంకె అలాంటి ఆజ్ఞ కాదు. మొగ్గు ఎటుందో మాత్రమే చెబుతుంది. ముందుచూపుకీ హద్దుంది. గ్రీన్ బిల్డింగ్‌లో ఏళ్ళ తరబడి పనిచేసిన ఎడ్వర్డ్ లోరెంజ్ 1963లో చూపించింది అదే. ఇవాళ్టి కొలతలో వెంట్రుకవాసి తేడా ఉన్నా, కొన్నాళ్ళకి లెక్క పూర్తిగా వేరే దారి పడుతుంది. అందుకే ఈ అంకెకి రోజువారీ ముందస్తు లెక్కలు రెండు వారాల దగ్గర ఆగుతాయి.

ఆ మొగ్గుని లక్ష్యపెట్టకపోతే ఏమవుతుందో 2021లో చూశాం. ఆ జనవరి మొదట్లో ధ్రువం మీద, చాలా ఎత్తులో, గాలి ఉన్నట్టుండి వేడెక్కి అక్కడి సుడి చెదిరింది. ఫిబ్రవరి 10, 11 తారీఖులకి ఆర్కిటిక్ ఆసిలేషన్ సున్నాకి ఐదు కిందికి దిగింది. 16న డాలస్ విమానాశ్రయంలో ఉష్ణోగ్రత మైనస్ 2 ఫారెన్‌హీట్. మన లెక్కలో మైనస్ 19 డిగ్రీలు. టెక్సస్‌లో కరెంటు పోయింది, నీళ్ళ గొట్టాలు పగిలాయి. ప్రభుత్వ లెక్క ప్రకారమే 246 మంది పోయారు.

డాలస్ పక్కనే ఉండే మా పిన్ని కూతురు ఆ రాత్రి ఫోన్ చేసింది. "అక్కా, ఇల్లు ఐసుపెట్టె అయిపోయింది. మీ మరిదిగారు బార్బెక్యూ కుంపటి గరాజులో వెలిగించి, మధ్య తలుపు తీసి పెడదామంటున్నారు" అంది. ఆసుపత్రి డ్యూటీలో ఉండి కూడా గట్టిగా అరిచేశాం. బొగ్గు మండితే కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. ముందు తలనొప్పి, తర్వాత వాంతి, తర్వాత మత్తు. ఇంట్లో అందరికీ ఒకేసారి తలనొప్పి వచ్చిందంటే అది జలుబు కాదు, వెంటనే బయటికి నడవాలి. వాళ్ళు నలుగురూ ఒకే గదిలో చేరి, ఉన్న బొంతలన్నీ కప్పుకుని తెల్లవార్చారు. క్షేమంగా ఉన్నారు. ఆ వారం టెక్సస్‌లో చాలా ఇళ్ళలో అలా జరగలేదు. చలి వస్తోందని కొన్ని రోజుల ముందునుంచీ హెచ్చరికలు వచ్చాయి. వినే అలవాటు, సర్దుకునే ఏర్పాటు రెండూ లేకపోయాయి.

మూడో రోజు కేప్ కాడ్ మోచేతి వంపు దగ్గర ఉన్న ఛాతం ఊరికి వెళ్ళాం. ఇంతసేపూ చెప్పిన పటాలకి పైగాలి కొలతలు ఇచ్చే బెలూన్లని ఎగరేసే చోటు చూడాలని. గ్రీనిచ్ కాలమానం ప్రకారం సున్నా గంటకీ, పన్నెండు గంటలకీ లెక్క కుదిరేలా ప్రపంచమంతటా కొన్ని వందల చోట్ల బెలూన్లు ఎగరేస్తారు. మన విశాఖపట్నంలో, మచిలీపట్నంలో, హైదరాబాదులో కూడా. అక్కడ తెల్లవారుజాము ఐదున్నర అయితే, చలికాలంలో ఇక్కడ అంతకుముందు సాయంత్రం ఏడు. ఒకే లెక్కకోసం రెండు దేశాల్లోనూ ఒకే వేళకి పైకి లేస్తాయి. బెలూను లక్ష అడుగుల దాకా వెళ్ళి, ఉబ్బి ఉబ్బి పగిలిపోతుంది. పరికరం చిన్న పారాచూట్‌తో దిగుతుంది.

ఛాతంలో బెలూను ఎగరలేదు. అక్కడ ఆ కేంద్రమే లేదు. 1970 నుంచి మోరిస్ ఐలండ్ గట్టు మీద ఉండేది. సముద్రం గట్టుని కోసుకుంటూ వచ్చింది. 2021 మార్చి 31న దాన్ని ఖాళీ చేశారు, తర్వాత పడగొట్టారు. ఇసుక గట్టు, గడ్డి, దానికింద అలలు. మామయ్యగారు చాలాసేపు చూసి, "రిజిస్టరులో ఇక్కడ సున్నా కూడా పడదు, ఖాళీ పడుతుంది" అన్నారు. సున్నాకీ ఖాళీకీ తేడా మాకు ఆయన చెప్పినంత బాగా ఎవరూ చెప్పలేదు. సున్నా అంటే చూశాం, ఏమీ లేదు అని. ఖాళీ అంటే చూసినవాడు లేడని. ఉపగ్రహాలు, విమానాలు ఇప్పుడు చాలా కొలతలు ఇస్తున్నాయి, నిజమే. కానీ బెలూను చేసే పని పూర్తిగా ఏదీ చెయ్యదు. నూటముప్ఫై ఏళ్ళకి పైగా బ్లూ హిల్ మీద తెగకుండా వచ్చిన గీత ఎంత విలువైనదో, ఛాతం గట్టు మీద నిలబడ్డాక ఇంకా బాగా తెలిసింది.

తిరిగొచ్చాక మామయ్యగారి కోసం పెరట్లో వర్షమాపకం పెట్టాం. కొలరాడోలో 1998లో మొదలైన కోకోరాస్ అనే ఔత్సాహికుల సంఘం ఉంది. ఎవరింట్లో వాళ్ళు నాలుగంగుళాల గొట్టం పెట్టుకుని, రోజూ పొద్దున్నే వానా మంచూ కొలిచి పంపితే వాతావరణశాఖ వాళ్ళు కూడా వాడుకుంటారు. మన సభ్యుల్లో పెరడున్నవాళ్ళంతా చేరవచ్చు. సున్నాలు మాత్రం మానకూడదు.

చివరగా డాక్టరు మాట. టీవీలోనో రేడియోలోనో ఆర్కిటిక్ ఆసిలేషన్ బాగా నెగటివ్‌లోకి దిగుతోందని వింటే కంగారు పడొద్దు, కాస్త సర్దుకోండి. కార్బన్ మోనాక్సైడ్ అలారంలో బ్యాటరీ చూసుకోండి. జనరేటరు ఉంటే ఇంటికి కనీసం ఇరవై అడుగుల దూరంలో, బయటే పెట్టండి. కుంపటి ఏదీ లోపలికి తేవొద్దు. బీపీ, షుగరు మందులు, ఇన్సులిన్ వారానికి సరిపడా ఉంచుకోండి. ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్ళకి టోపీ, చేతి తొడుగులు ముందే కొనండి. నలభై దాటినవాళ్ళు, గుండెజబ్బు ఉన్నవాళ్ళు తడి మంచుని పారతో ఎత్తొద్దు. పక్కింటి కుర్రాడికి డబ్బులిచ్చి తవ్వించుకోండి. బోస్టన్ వైపు వచ్చేవాళ్ళు బ్లూ హిల్ ఎక్కాలనుకుంటే అక్టోబరు మంచి నెల. పైన గాలి ఎక్కువ, స్వెట్టరు మర్చిపోవద్దు.